సినిమాహాల్లో ఫిడేలు

2001లో నేను అమెరికాలో దిగేసరికి, ఇస్తామన్న ప్రాజెక్టు కాస్తా ఎగిరిపోయింది. "కాస్త ఓపిక పట్టండి, ఏదో ఒకటి వస్తుంది" అన్నారు కన్సల్టింగ్ కంపెనీవారు. మా భాషలో దాన్నే బెంచి మీద కూర్చోవడం అంటారు. అందుకే కాబోలు, యూజిన్ ఆర్మాండీ కథ నాకు మనింట్లోవాడి కథలా అనిపిస్తుంది.

1899లో బుడాపెస్టులో పుట్టి, అయిదేళ్ళకే అక్కడి సంగీత అకాడమీలో చేరిన ఫిడేలు విద్వాంసుడు అతను. వందల కచేరీలు ఇప్పిస్తామన్న మాట నమ్ముకుని 1921లో న్యూయార్క్ వచ్చాడు. కచేరీలూ లేవు, డబ్బూ లేదు. చివరికి బ్రాడ్‌వేలో ఉన్న కాపిటల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో, వెనక వరసలో ఒక కుర్చీ దొరికింది. దాన్ని నడిపించిన ఎర్నో రపే కూడా హంగేరీవాడే. పరాయి దేశంలో మనవాడంటూ ఒకడుంటే ఎంత ధైర్యమో మనకొకరు చెప్పక్కర్లేదు. కొద్ది రోజుల్లోనే ఆర్మాండీ ముందు వరసకొచ్చి, ఫిడేళ్ళకి నాయకుడయ్యాడు.

కాపిటల్ నాలుగు వేలమందికి పైగా పట్టే హాలు. అప్పటి సినిమాలు మూగవి కదా, అందుకే అంత పెద్ద ఆర్కెస్ట్రా. ముందు ఒక సింఫనీ ముక్క, తరవాత న్యూస్‌రీలు, పాట, బాలే, ఆ పైన అసలు బొమ్మ. అన్నిటికీ వీళ్ళే వాయించాలి. ఆట అయిపోగానే మళ్ళీ మొదటికి. మన ఉగాది ఫంక్షన్లలో చిన్నపిల్లల ప్రార్థన నుంచి చిరంజీవి డాన్సుల దాకా ఒంటిచేత్తో లాక్కొచ్చే కీబోర్డు అబ్బాయి ఉంటాడు చూశారూ, అలాంటి చాకిరీయే. కాకపోతే వీళ్ళకది రోజూ ఉండేది.

వాయించగా వాయించగా అన్నీ కంఠతా వచ్చేశాయి. 1924 సెప్టెంబరులో కండక్టరుకి జబ్బు చేస్తే, ఆటకి పావుగంట ముందు ఆర్మాండీకి కబురొచ్చింది. చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీని కాగితం చూడకుండా నడిపించాడు. 1931లో టోస్కనీనీ రాలేకపోతే, ఫిలడెల్ఫియాలోనూ ఇలాంటి అవకాశమే తలుపు తట్టింది. 1936 నుంచి 1980 దాకా నలభై నాలుగేళ్ళు ఆ ఊరి ఆర్కెస్ట్రా అతని చేతిలోనే ఉంది.

ఇదంతా మనం పిల్లలకి చెప్పుకునే కథ. నాకు మనసు పట్టేది మాత్రం అతనితోపాటు ఇలాంటి హాళ్ళలో కూర్చుని వాయించిన మిగతావాళ్ళ మీద. 1927లో మాటలొచ్చిన సినిమా, నాలుగైదేళ్ళలో దేశమంతటా వేలమంది వాద్యకారుల్ని ఇంటికి పంపించింది. 1930 ప్రాంతంలో వాళ్ళ యూనియన్ పత్రికల్లో ప్రకటనలు వేయించింది. డబ్బా సంగీతాన్ని నమ్మకండని రాసి, పక్కన వాద్యం వాయిస్తున్న మరమనిషి బొమ్మ వేశారు. జనం టాకీలకే వెళ్ళారు. మనమున్నా అంతే చేసేవాళ్ళం.

ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నవ్వుకున్నాను. ఈమధ్య మా టీములో కోడు రాసిపెట్టే యంత్రం దిగింది. మొన్న మళ్ళీ అదే బొమ్మ కనిపిస్తే నవ్వు రాలేదు.

కాపిటల్ థియేటర్‌ని 1968లో పడగొట్టారు. ఆ చోట ఇప్పుడొక ఆకాశహర్మ్యం, నిండా ఆఫీసులు.