ఎవరూ వినకూడదని రాసిన సంగీతం

నిద్ర పట్టకో, పని సాగకో యూట్యూబ్‌లో రిలాక్సింగ్ పియానో అని కొట్టి, పాట లేని ఆ మ్యూజిక్‌ని అలా వదిలేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను కోడింగ్ చేసిన రోజుల్లో రోజూ అదే పని. ఆ మ్యూజిక్ మన హాయి కోసమా, మన చేత ఇంకాస్త పని చేయించడానికా? ఈ గొడవ వందేళ్ల నాటిది. ఇవాళ దాని గురించే.

కథ పారిస్‌లో మొదలవుతుంది. ఎరిక్ సాటీ అని ఒకాయన, కాబరేలలో పియానో వాయించి బతికేవాడు. 1888లో జిమ్నోపెదీలు అని మూడు చిన్న పియానో రచనలు చేశాడు. పేరు తెలియకపోయినా మొదటిది మీరు ఎక్కడో అక్కడ వినే ఉంటారు. అందులో జరిగేది చాలా తక్కువ. ఎడమ చెయ్యి కింద ఒక స్వరం నొక్కుతుంది, వెంటనే పైన ఒక మెత్తటి కార్డ్. మళ్లీ కింద, మళ్లీ పైన. మొదట్లో రెండే రెండు కార్డ్‌ల మధ్య ఉయ్యాల ఊగుతున్నట్టు ఉంటుంది. మామూలుగా పాశ్చాత్య సంగీతంలో ఒక కార్డ్ వినగానే, తర్వాత ఫలానాది రావాలి అని చెవి ఎదురుచూస్తుంది. ఇక్కడ ఆ తొందర లేదు. హాయి అంతా అందులోనే ఉందని నా లెక్క.

ఇదే సాటీ 1920లో ఇంకో అడుగు ముందుకేశాడు. కుర్చీ, బల్లలాగా గదిలో పడి ఉండే సంగీతం కావాలన్నాడు. దానికి ఫర్నిచర్ మ్యూజిక్ అని పేరు కూడా పెట్టాడు. ఒక నాటకం ఇంటర్వెల్‌లో వాయిద్యగాళ్లని హాల్లో తలో మూల కూర్చోబెట్టి వాయింపించాడు. జనానికి ముందే చెప్పారు, దీన్ని పట్టించుకోవద్దని. తీరా మొదలవగానే జనం బుద్ధిగా వచ్చి సీట్లలో కూర్చుని వినడం మొదలుపెట్టారు! పాపం సాటీ, మాట్లాడుకోండి, తిరగండి, వినకండి అని హాలంతా తిరిగి అరిచాడట. ఎవరూ కదల్లేదు.

ఆయన చేయలేకపోయింది అమెరికా వ్యాపారం చేసి చూపించింది. జార్జ్ స్క్వైర్ అనే మిలిటరీ జనరల్ వైర్ల ద్వారా సంగీతం పంపే పద్ధతి కనిపెట్టాడు. 1934లో దానికి మ్యూజాక్ అని పేరొచ్చింది, మ్యూజిక్‌కి కొడాక్ తగిలించి. మాటలుంటే ధ్యాస అటు పోతుందని పాటల్లోంచి గొంతు తీసేసి, ఆ వరస వయొలిన్లకి ఇచ్చేవారు. ఫ్యాక్టరీలకి, ఆఫీసులకి పదిహేను నిమిషాల బ్లాకులుగా పంపేవారు. బ్లాక్ సాగేకొద్దీ ఊపు కొంచెం కొంచెం పెరుగుతుంది, తర్వాత కాసేపు నిశ్శబ్దం. పనివాడు డీలా పడే టైముకి డోసు ఎక్కువ. అంటే ఓదార్పు కాదు, ప్రొడక్టివిటీ అన్నమాట.

దీనికి చుట్టం లాంటిదే ఇంకోటి: వాషింగ్టన్ ట్రాముల్లో, బస్సుల్లో స్పీకర్లు పెట్టి సంగీతం, మధ్యలో ప్రకటనలు వినిపించేవారు. మాకొద్దు మహాప్రభో అని ఇద్దరు ప్రయాణికులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1952లో ఓడిపోయారు. ఇక్కడ అసలు తమాషా జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ది. నేనూ ఈ మోతకి బాధితుణ్ణే, తీర్పులో పాలుపంచుకోవడం సబబు కాదు అని ఆయన కేసు నుంచే తప్పుకున్నాడు.

ఆ తర్వాత 1975లో బ్రయన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుడు యాక్సిడెంట్ అయి మంచాన పడ్డాడు. చూడొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఇచ్చి వెళ్లింది. ఎలాగో లేచి పెట్టుకున్నాడు కానీ సౌండ్ మరీ తక్కువ, ఒక స్పీకర్ పనిచేయట్లేదు, మళ్లీ లేచి పెంచే ఓపిక లేదు. అలాగే వింటూ పడుకుంటే, ఆ తీగల చప్పుడు బయటి వానలో కలిసిపోయింది. మూడేళ్లకి, 1978లో, ఎయిర్‌పోర్టుల కోసమని ఒక ఆల్బమ్ చేశాడు. మ్యూజాక్ మనసులోని సందేహాన్ని తుడిచేస్తుంది, నాది దాన్ని అలాగే ఉంచి ఆలోచించుకోవడానికి చోటిస్తుంది అని దాని అట్ట మీద తేడా కూడా వివరించాడు.

అందులో మొదటి ట్రాక్‌లో పియానో రాబర్ట్ వయాట్‌ది. పదిహేడు నిమిషాలు. ఈ రాత్రి పెట్టుకుని చూడండి, సౌండ్ కొంచెం తక్కువలోనే. ఉంటాను మరి.