చెఱుపరాని డిస్కులు – చేర్పుప్రతులు

వ్రాసినదానిని మరలఁ జెఱుపుటకు వీలులేని సాధనమునందు దినదినమును మాఱుచుండెడి పాఠమును భద్రపఱచుట యెట్లు? తాటియాకుపై గంటముతో వ్రాసిన లేఖకులకుఁ బరిచితమైన యీ చిక్కే యిరువదవ శతాబ్ది చివరఁ గంప్యూటరుల వాడుకలో మరలఁ దలయెత్తినది. దాని పరిష్కారచరిత్రము పాఠపరిశోధకులకుఁ బ్రయోజనకరమని తలంచి సంగ్రహముగాఁ దెలుపుచున్నాను.

సంగీతమునకై 1982 లో విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు కర్మాగారమున నచ్చొత్తఁబడునది. కొనినవాఁడు దానిపై నేమియు వ్రాయఁజాలఁడు. ఫిలిప్సు, సోనీ సంస్థలవారు 1990 లో ‘ఆరెంజి బుక్కు’ అను నియమగ్రంథమున వ్రాయఁదగిన డిస్కునకు లక్షణము నిర్ణయించిరి. ఇదియే సిడి-ఆర్. లేసరు కిరణము డిస్కులోని రంగుపూఁతను వేఁడిచేసి గుఱుతులు నిలుపును. ఆ గుఱుతులను మరల మాపుట యసాధ్యము.

అయినను డిస్కు నంతయు నొక్కమాఱే వ్రాయనక్కఱలేదు. ఒక్కొక్క పర్యాయము వ్రాసిన భాగమునకు సెషనని పేరు. ఈ పద్ధతిని జనసామాన్యమునకుఁ బరిచయము చేసినది 1992 లో వెలువడిన కోడాకు సంస్థవారి ‘ఫోటో సిడి’. దానియందు సుమారు 100 ఛాయాచిత్రములు పట్టును. ఫిలిము కడిగించుకొనినప్పుడెల్ల నదే డిస్కున క్రొత్త చిత్రములను జేర్పించుకొనవచ్చును. అయితే నాఁటి పఠనయంత్రములు పెక్కులు మొదటి సెషనును మాత్రమే చదువఁగలిగెడివి; పిదపఁ జేర్చిన చిత్రములు డిస్కుననే యుండియు వానికిఁ గానరాకుండెను.

మొదట సమస్తమును వ్రాసి, పిమ్మట మాఱిన పత్రములను మాత్రము క్రొత్త సెషనున వ్రాయుటయే చేర్పుప్రతి. 1988 నాఁటి ఐ.ఎస్.ఓ. 9660 నియమము ననుసరించిన డిస్కులలోఁ బ్రతి సెషనునకును సూచిక యుండును. క్రొత్త సూచిక మాఱని పత్రములకుఁ బూర్వపు తావులనే చూపును. మాఱినవానికిఁ గ్రొత్త తావు చూపును. యంత్రము సాధారణముగాఁ గడపటి సూచికనే యనుసరించును గావునఁ బూర్వపాఠము మఱుఁగుపడునే కాని నశింపదు. క్రొత్త సూచిక వ్రాయువాఁడు పూర్వసూచికను దానఁ గలుపనిచోఁ బ్రాఁత పత్రములన్నియు నట్లే మఱుఁగుపడును. అప్పుడు పూర్వసెషనును బ్రత్యేకముగాఁ దెఱచి వానిని దీయవలయును.

ఈ సదుపాయమునకు వెల కలదు. 650 మెగాబైటుల డిస్కున మొదటి సెషను సరిహద్దులకు సుమారు 22, తరువాతి ప్రతిదానికి సుమారు 13 మెగాబైటులు వ్యయమగును. ఎంత స్వల్పమైన మార్పులైనను 50 చేర్పులకు ముందే డిస్కు నిండును. మఱియు వెలుతురువలనను వేఁడివలనను రంగుపూఁత చెడును. పాఠములన్నియు నొక్క డిస్కుననే యున్నచో నన్నియు నొక్కమాఱే పోవును. కావున రెండవ డిస్కు వేఱుచోట నుంచుట యావశ్యకము.

నేఁ డీ డిస్కుల వాడుక తగ్గినది. గ్రంథాలయములు వానిలోని పత్రములను క్రొత్త సాధనముల కెక్కించుచున్నవి. ఆ పనియందుఁ గడపటి సూచిక చూపినదానినే గ్రహించినచో, గ్రంథకర్త దిద్దిన క్రమమును దెలుపు పాఠాంతరము లన్నియు డిస్కుతోఁ గూడఁ బాఱవేయఁబడును. ప్రతి సెషనును వేఱువేఱుగాఁ దెఱచి, తేదీక్రమమున నెత్తివ్రాసి, పోల్చిచూచిన పిమ్మటనే మూలమును విడువవలయును.