ఊరి పేరు నిలిపిన ఉల్క

తిరువూరులోని మా హాస్టల్ డాబా మీద ఒక రాత్రి చుక్క రాలడం చూశాం. "ఎవరో పోయారు మేడమ్" అంది ఓ పాప. మా అమ్మమ్మలూ అదే మాట అనేవారు. మేము కోప్పడలేదు, నెడగొల్ల సంగతి చెప్పాం.

1870 జనవరి 23న, అప్పటి విశాఖపట్నం జిల్లా నెడగొల్లలో ఆకాశం నుంచి ఇనుప ముద్ద పడింది. బరువు సుమారు 4.6 కిలోలు. ఇనుప ఉల్కలు నేల మీద చాలానే దొరికాయి. పడుతుండగా మనుషులు చూసినవి మాత్రం ప్రపంచమంతటా సుమారు 50. అలాంటివి తుప్పు పట్టకముందే చేతికొస్తాయి, పడిన రోజూ తెలుస్తుంది.

దాదాపు 456 కోట్ల ఏళ్ల క్రితం, సూర్యకుటుంబం పుట్టిన కొత్తలో చిన్న గ్రహాలు కరిగాయి. ఇనుము, నికెల్ వాటి నడిమధ్యకు దిగాయి. తర్వాత అవి ఢీకొని పగిలాయి. ఇనుప ఉల్కలు చాలావరకు ఆ ముక్కలే. భూగర్భంలోని ఇనుమును మనం తవ్వి చూడలేం, దాని పోలికను ఇవి చూపిస్తాయి. నెడగొల్ల ఉల్క తెలిసిన ఏ గుంపులోనూ ఇమడలేదు.

ఉల్కకు పడిన చోటి పేరే పెడతారు. చూసినవారు చెప్పారు, విన్నవారు రాశారు. అందుకే ఆ పల్లె పేరు ప్రపంచ జాబితాల్లో నిలిచింది. మన తండాల్లో, గూడేల్లో పెద్దలు చూసినవి రాసేవారు లేక వారితోనే పోతున్నాయి. పిల్లలూ, అడగండి, తేదీ వేసి రాయండి.