రబ్బరు తొడుగులోని మానవుడు

1954 నవంబరు 3వ తేదీన జపాను దేశమున ‘గాడ్జిల్లా’ అను చలనచిత్రము విడుదలయ్యెను. జపానీయులు దీనిని ‘గోజిరా’ అందురు. సముద్రగర్భమున దాగియున్న 50 మీటర్ల ఎత్తుగల ప్రాచీన జంతువొకటి హైడ్రోజను బాంబు పరీక్షలవలన బయటికి వచ్చి, టోక్యో నగరమును ధ్వంసము చేయుట ఇందలి కథ. ఆనాటి జపానీయులకు ఇది వట్టి కల్పనగా తోచలేదు. ఆ సంవత్సరమే మార్చి 1న బికినీ దీవులకడ అమెరికా జరిపిన బాంబు పరీక్షవలన, 23 మంది జాలరులున్న ఒక జపాను పడవపై రేడియోధార్మిక ధూళి కురిసెను. వారిలో ఒకరు సెప్టెంబరు 23న మరణించిరి.

ఆ భయమునకు రూపమిచ్చిన నటుడు హరువో నకజిమా. ఆయన 1929 జనవరి 1న సకాటా పట్టణమున జన్మించెను. తోహో స్టూడియోలో సాహసకృత్యములు చేయుచు, చిన్న వేషములు వేయుచుండెను. 1954లోనే వచ్చిన ‘సెవెన్ సమురాయ్’ చిత్రమున ఆయన ఒక బందిపోటు.

ట్రిక్కు దృశ్యములను నిర్వహించిన ఎయ్‌జీ త్సుబురాయాకు 1933 నాటి ‘కింగ్ కాంగ్’ చిత్రమనిన మిక్కిలి ఇష్టము. అందు బొమ్మను కొంచెము కొంచెముగా కదల్చి, ఒక్కొక్క ఫోటో తీసిరి. ఆ పద్ధతికి చాలకాలము పట్టును. కావున ఆయన మనిషికి జంతువు తొడుగు వేసి, 25వ వంతు పరిమాణమున టోక్యో మేడల నమూనాలు కట్టించెను. తొడుగు ఎత్తు సుమారు 2 మీటర్లు.

కాని ఎత్తు ఒక్కటే చాలదు. 50 మీటర్ల ఎత్తునుండి పడిన రాయి నేల చేరుటకు సుమారు 3.2 సెకండ్లు పట్టును. 2 మీటర్లనుండి పడినచో 0.64 సెకండు చాలును. ఏలయన, పడు కాలము ఎత్తుయొక్క వర్గమూలమును అనుసరించును. 25కు వర్గమూలము 5. కావున నమూనా మేడ నిజమైన మేడవలె కూలుటకు, దానిని 5 రెట్లు నెమ్మదిగా చూపవలెను. అనగా సెకండుకు 24 చిత్రములకు బదులు 120 తీసి, మామూలు వేగముతో ప్రదర్శించవలెను. విద్యార్థులు దీనిని స్వయముగా లెక్కించి చూడవచ్చును. ఇట్టి దృశ్యములను వేగముగా నడుచు కెమెరాతో తీయుటకు కారణమిదే.

ఈ లెక్కకు మూల్యము చెల్లించినది నటుని శరీరము. కెమెరా వేగము పెరిగినకొలది ఒక్కొక్క చిత్రమునకు వెలుతురు తగులు కాలము తగ్గును. ఆ లోటు తీర్చుటకు దీపకాంతిని పెంచవలెను. కాంతితోపాటు వేడియు పెరుగును. మొదట చేసిన తొడుగు దాదాపు 100 కిలోగ్రాముల బరువు. అది ధరించి కొలది అడుగులు వేయుటయే కష్టమయ్యెను. తరువాతిది కొంత తేలిక. అయినను లోపల ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు చేరెనని చెప్పుదురు. చెమట ఆరినప్పుడే శరీరము చల్లబడును. గాలి చొరని రబ్బరులో చెమట కారునే గాని ఆరదు. అందువలన ఒక్కొక్క దృశ్యము కొద్ది నిమిషములకు మించి నడుచుట దుస్సాధ్యము.

ఇంత బాధలోను నకజిమా నడకను అభ్యసించుట మానలేదు. జంతుప్రదర్శనశాలకు పోయి, ఏనుగులును ఎలుగుబంట్లును అడుగు వేయు తీరును గమనించెను. భారీ జంతువు కాలు ఎత్తుటలోను, మోపుటలోను దాని బరువు తెలియవలెనని ఆయన గ్రహించెను.

1956లో ‘రోడాన్’, 1957లో ‘ది మిస్టీరియన్స్’ చిత్రమందలి యంత్రమానవుడు, 1958లో ‘వరాన్’, 1967లో కింగ్ కాంగ్—ఈ వేషములన్నియు ఆయన వేసినవే. 1972 వరకు 12 చిత్రములలో గాడ్జిల్లాగా నటించెను. పిదప చిత్రపరిశ్రమ క్షీణింపగా, స్టూడియోవారి బౌలింగు ఆటశాలలో ఉద్యోగము చేసెను. వృద్ధాప్యమున దేశదేశముల అభిమానులు ఆయనను గుర్తించి గౌరవించిరి. 2017 ఆగస్టు 7న మరణించెను.

కెమెరా కాలమును సాగదీసెను. నమూనాలు మనిషిని పర్వతమంత చేసెను. కాని ఆ పర్వతమునకు బరువు నిచ్చినది, తొడుగులో ఊపిరాడక అడుగు వెంట అడుగు వేసిన ఒక మనిషి శ్రమయే.