ఈ-ఇంక్ రీడర్లపై తెలుగు పి.డి.ఎఫ్. పుస్తకాల పఠనం

ఈ-ఇంక్ రీడర్లపై పి.డి.ఎఫ్. పఠనం అనగా స్థిరమైన పుట కొలతలతో తయారైన పుస్తకాలను ఆరు అంగుళాల తెర గల చిన్న పఠన పరికరాలలో చదువుకొనడం. అంతర్జాలంలో లభించే పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా స్కాను చేసిన పుటల రూపంలోనే ఉన్నందున ఈ విషయం తెలుగు విద్యార్థులకు, పరిశోధకులకు ముఖ్యమైనది.

నేపథ్యం

పి.డి.ఎఫ్.ను అడోబి సంస్థ 1993లో ప్రవేశపెట్టినది. 2008లో ఇది ఐ.ఎస్.ఓ. 32000-1 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైనది. పుట ఏ యంత్రంలో తెరచినా ఒకే విధంగా కనిపించడం దీని ఉద్దేశం. చిన్న తెరపై చిక్కు తెచ్చేది కూడా ఈ గుణమే.

ఈ-ఇంక్ తెరలో సూక్ష్మమైన గుళికలు, వాటిలో విద్యుదావేశం గల నలుపు, తెలుపు రేణువులు ఉంటాయి. విద్యుత్ క్షేత్రం మారినపుడు రేణువులు పైకి, కిందికి కదిలి అక్షరాలు ఏర్పడతాయి. పుట మారినపుడే విద్యుత్తు ఖర్చవుతుంది. కాగితం వలె బయటి వెలుతురుతోనే చదువవచ్చును. అయితే తెర నెమ్మదిగా మారుతుంది. అందువలన పుటను పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం కంప్యూటరుపై తేలికే గాని ఇక్కడ విసుగు పుట్టిస్తుంది.

2004లో జపానులో సోనీ లిబ్రియే, 2007లో అమెజాన్ కిండిల్ విడుదలైనవి. తొలి కిండిల్ పి.డి.ఎఫ్.ను నేరుగా తెరవలేదు. ఆ సౌకర్యం 2009లో వచ్చినది. తెలుగు ఖతులు లేని పరికరాలలో యూనికోడ్ తెలుగు డబ్బాలుగా కనిపించేది. ఖతిని తనలోనే ఇముడ్చుకొనే పి.డి.ఎఫ్. మాత్రం సరిగా కనిపించేది. 2016లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలలో ఈ-పుస్తకాలను ప్రారంభించినపుడు వాటిలో తెలుగు లేదు. కనుక తెలుగు పాఠకుడు పి.డి.ఎఫ్.ను ఎంచుకొనడం అభిరుచి కన్నా అవసరమే అనవచ్చును.

కొలతల లెక్క

ఆరు అంగుళాల తెర వెడల్పు సుమారు 91 మి.మీ., ఎత్తు 122 మి.మీ. 210 మి.మీ. వెడల్పు గల ఏ4 పుట ఇందులో 43 శాతానికి కుదించుకుపోతుంది. అనగా 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లవుతుంది. ఆంగ్లాక్షరాలను ఈ పరిమాణంలో కష్టంగానైనా పోల్చుకోవచ్చు. తెలుగులో తలకట్టు, గుడి, ఒత్తు అన్నీ ఒకే అక్షరం చుట్టూ చేరడం వలన గుడికీ గుడిదీర్ఘానికీ, 'ప'కూ 'ఫ'కూ తేడా తెలియదు.

డెమ్మీ సైజు పుస్తకాల విషయం మెరుగు. అంచులను కత్తిరించగా మిగిలిన అచ్చు భాగం నాలుగుంబావు అంగుళాల వెడల్పు ఉన్నదనుకుంటే, పరికరాన్ని అడ్డంగా తిప్పినపుడు అక్షరం అసలు కన్నా కొంచెం పెద్దదిగానే కనిపిస్తుంది. ఒక పుటకు రెండు మూడు తెరలు పడతాయి. అంచులు కత్తిరించడానికి బ్రిస్ వంటి ఉచిత ఉపకరణాలు ఉన్నాయి. చాలామందికి ఈ ఒక్క పనితోనే అవసరం తీరుతుంది.

స్కాను ప్రతులు

భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. ఒక ప్రధాన స్కానింగు కేంద్రంగా పనిచేసినది. ఆ పథకపు తెలుగు పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో లభిస్తాయి. డెమ్మీ పుటను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాను చేస్తే దాదాపు 1.7 కోట్ల చుక్కలవుతాయి. తొలి కిండిల్ తెరలో ఉన్నవి 4.8 లక్షలు మాత్రమే. పరికరం ప్రతి పుటనూ కుదించవలసి రావడం వలన ఆలస్యం జరుగుతుంది. పుటలను ముందుగానే కంప్యూటరులో తగ్గించి ఉంచుకొనడం మేలు.

పంక్తుల పునర్విభజన

కె2పి.డి.ఎఫ్.ఆప్ట్ అనే ఉచిత సాఫ్టువేరు పుటలోని పదాలను బొమ్మలుగా విడదీసి చిన్న తెరకు తగినట్లు తిరిగి పేరుస్తుంది. కోరీడర్ అనే పఠన సాఫ్టువేరులోనూ ఈ పద్ధతి ఉన్నది. ఇది పంక్తుల మధ్య గల ఖాళీని బట్టి పనిచేస్తుంది. తెలుగులో కింది ఒత్తులు, పై పంక్తిని తాకే గుడులు ఆ ఖాళీని మింగివేయడం వలన ఒక్కొక్కసారి రెండు పంక్తులు కలిసిపోతాయి, లేదా ఒత్తు వేరుపడుతుంది. వచనానికి ఇది కొంత ఉపయోగమే గాని, పద్యపాదాలను విరిచివేస్తుంది గనుక శతకాలకు, ప్రబంధాలకు వాడరాదు. జహీరాబాదు వంటి సరిహద్దు పట్టణాలలో తెలుగుతో పాటు ఉర్దూ పుస్తకాలు కూడా చదివేవారు, ఉర్దూ ప్రతులకు కుడి నుండి ఎడమకు అనే అమరికను ఎంచుకొనవలెను.

పాఠ్యంగా మార్చడం

అను, శ్రీలిపి వంటి పాత ఖతులతో కూర్చిన పి.డి.ఎఫ్. నుండి పాఠ్యాన్ని సంగ్రహిస్తే అర్థంలేని రోమను అక్షరాలు వస్తాయి. ఆ ఖతులు తెలుగు రూపాలను రోమను సంకేతాల స్థానంలో ఉంచడమే కారణం. అందువలన కాలిబర్ వంటి మార్పిడి సాఫ్టువేర్లు ఇక్కడ పనికిరావు.

స్కాను ప్రతులను అక్షర గుర్తింపు ద్వారా యూనికోడులోకి మార్చి, మనుషులు సరిదిద్దడం మరొక మార్గం. తెలుగు వికీసోర్సులో జరుగుతున్నది ఈ పనే. అక్కడ ఒకరు సరిదిద్దిన పుట పసుపు రంగులోనూ, మరొకరు ఆమోదించిన పుట ఆకుపచ్చ రంగులోనూ కనిపిస్తుంది. అలా పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్ రూపంలో దించుకొని, తెలుగు ఖతి ఉన్న పరికరంలో అక్షర పరిమాణాన్ని కోరినట్లు మార్చుకొని చదువవచ్చును.