తెరను ఛేదించే హాస్యం: తోలుబొమ్మలాట, భయానక వీడియో గేములు

రాయలసీమ తోలుబొమ్మలాటలో రామాయణ కథ సాగుతుండగానే కేతిగాడు, బంగారక్క తెరపైకి దూకుతారు. వారి మోటు సరసం, ఊరి కబుర్లు పురాణకాలాన్ని తెంచి ప్రేక్షకుణ్ణి ఆ రాత్రిలోకి తెచ్చి కూర్చోబెడతాయి. కథాచట్రాన్ని లోపలినుండే భంగపరచడం మనకు కొత్త కాదు.

వీడియో గేములలో ఇదే యుక్తి భయహేతువైంది. 2002లో గేమ్‌క్యూబ్ యంత్రానికి వెలువడిన 'ఎటర్నల్ డార్క్‌నెస్', ఆటగాడు భద్రపరచుకున్న ఆటను చెరిపివేస్తున్నట్లు బొంకింది. అది పెద్ద సంస్థ ప్రచురణ. ఇటువంటి కల్పిత దోషాలకు హాస్యం జోడించినవారు స్వతంత్ర రూపకర్తలు. డానియల్ ముల్లిన్స్ 'పోనీ ఐలాండ్' (2016)లో ముచ్చటైన గుర్రప్పిల్ల ఆట వెనుక ఉన్నది సైతాను. మిత్రుడు పంపినట్లుగా దొంగ సందేశమూ తెరపై మెరుస్తుంది. డాన్ సాల్వటో 'డోకి డోకి లిటరేచర్ క్లబ్' (2017) సరదా ప్రేమకథగా మొదలవుతుంది. అందులో మోనికా తోటి పాత్రల ఫైళ్లను తొలగిస్తుంది. చివరకు ఆమె ఫైలును ఆటగాడే తన కంప్యూటరులో వెదకి తుడిచివేయాలి.

కేతిగాడు ఎంత వెకిలిగా మాట్లాడినా ప్రేక్షకుని గడప తొక్కడు, మోనికా తొక్కుతుంది. అయితే భయానికి అసలు కారణం ఆటగాని ఏకాంతమని నా అభిప్రాయం. బొమ్మలాటలో చట్రం తెగితే నవ్వేది ఊరంతా. ఇవే ఆటలను యూట్యూబులో పదిమంది ఎదుట ఆడినప్పుడు నవ్వు తిరిగి పైచేయి కావడం ఇక్కడ పరిశీలించదగినది.