ఆకాశానికో లెక్క, నేలకో లెక్క

1850ల నాటి ప్రకృతి దృశ్యాల ఫొటోలను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలావాటిలో మబ్బులుండవు. కొండలుంటాయి, కోటలుంటాయి, గోడ రాళ్ల మధ్య సందులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పైన మాత్రం ఉతికి ఆరేసిన పంచెలా వట్టి తెలుపు. తప్పు వాతావరణానిది కాదు, పలకది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ గాజు పలక నీలం, ఊదా కాంతులకే బాగా స్పందించేది. ఆకుపచ్చ దానికి అంతంతమాత్రం, ఎరుపు దాదాపు శూన్యం. చెట్టూ పుట్టా పడేదాకా లెన్సు తెరిచి ఉంచితే ఆలోపే ఆకాశం పూర్తిగా తేలిపోయేది. ఆకాశం కోసం తొందరగా మూసేస్తే నేల చీకటైపోయేది. ఇవాళ సెన్సర్ కొలిచినదాన్ని దిద్దకుండా దాచే రా ఫైల్ తెరిచి ఆకాశం వెలుగు కాస్త దించి, నేలను కాస్త లేపితే అది ‘ఎడిట్ చేసిన ఫొటో’ అని తీసిపారేసేవాళ్లున్నారు. దిద్దకుండా వదిలేసిందే అసలైన ఫొటో అన్న వాళ్ల మాటకు ఆ తెల్లటి ఆకాశాలే మొదటి జవాబు. అక్కడున్న మబ్బును చూపించలేకపోయిన పలక చెప్పింది సగం నిజమే. మిగతా సగం కోసం మనిషి చెయ్యి పెట్టడం ఫొటోగ్రఫీకి దాదాపు పుట్టుకతోనే వచ్చిన పని.

ఆ చెయ్యి ఎక్కడిదాకా వెళ్లొచ్చన్నదే అసలు ప్రశ్న. దానికి ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్ర చిత్రాలను మించిన ఉదాహరణ లేదు. చిత్రకళ నేర్చుకుని కెమెరా పట్టినవాడు లె గ్రే. 1857లో దక్షిణ ఫ్రాన్స్‌లోని సెత్ రేవు దగ్గర ఆయన తీసిన ‘పెద్ద అల’లో నురగలు కక్కే సముద్రమూ ఉంది, బరువైన మబ్బులూ ఉన్నాయి. రెండూ ఒకే పలక మీద పడినవి కావు. సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకొకటి. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసే కాలమది. పై సగం కప్పేసి ముందు సముద్రాన్ని ప్రింటు చేస్తారు, తర్వాత కింది సగం కప్పి రెండో నెగటివ్‌తో ఆకాశాన్ని ఎక్కిస్తారు. నీరూ నింగీ కలిసే గీత దగ్గర ఆ అతుకు దాక్కుంటుంది. సముద్రంలో ఆ గీత తిన్నగా ఉంటుంది కాబట్టి పని నడిచింది. చెట్ల కొమ్మల మధ్యగా ఆకాశాన్ని అతకాలంటే అంత తేలిక కాదు. పనితనానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఒక సముద్రానికి వాడిన మబ్బులనే లె గ్రే వేరే సముద్రాల మీదా వాడాడు. అక్కడితో ఆ మబ్బులు సెత్‌లో ఆ పూట ఏం జరిగిందో చెప్పే అర్హత పోగొట్టుకున్నాయి.

అదే దశాబ్దంలో లినేయస్ ట్రైప్ అనే మద్రాసు సైన్యాధికారి ఇంకో దారి పట్టాడు. 1855లో బర్మా వెళ్లిన బ్రిటిష్ రాయబార బృందంతో ఉండి, మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద పగోడాలను, మఠాలను తీశాడు. బోసిగా వచ్చిన ఆకాశాల్లో నెగటివ్ మీదే కుంచెతో రంగు అద్ది మబ్బులు వేశాడు. మరుసటేడే మద్రాసు ప్రభుత్వానికి అధికారిక ఫొటోగ్రాఫరయ్యాడు. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలను కెమెరాలోకి ఎక్కించిందీ ఈయనే. ఆ రాళ్లలో చాలా భాగం తర్వాత లండన్ చేరాయి, అంచేత ఆ ఫొటోల విలువ చరిత్రకారులకు బాగా తెలుసు. వేషాల కోసం కెమెరా పట్టిన మనిషి కాదు, కట్టడాలను ఉన్నదున్నట్టు నమోదు చేయడమే ఆయన ఉద్యోగం. అలాంటివాడికి కూడా తెల్లటి ఆకాశం అబద్ధంగానే తోచిందంటే సమస్య ఎంత నిజమైనదో అర్థమవుతుంది. ఆయన పరిష్కారాన్ని మాత్రం మనం ఒప్పుకోనక్కర్లేదు.

‘అవన్నీ పాత పలకల బాధలు, ఇప్పటి కెమెరా అన్నీ చూస్తుంది, అది ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచితే చాలదా’ అని అడగొచ్చు. కెమెరా ‘ఇచ్చిన’ జేపెగ్ కూడా దిద్దిన ఫొటోయే. సెన్సర్‌లో ఒక్కో గడి ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండింటినీ పక్క గడులను బట్టి లెక్కగట్టి, తెలుపు ఏదో తేల్చి, వెలుగునీడల వంపు సరిచేసి, 256 మెట్లలోకి కుదించాక వచ్చేదే జేపెగ్. ఆ నిర్ణయాలన్నీ కంపెనీ ఇంజనీర్లు ముందే చేసి పెట్టారు, ఆ సాయంత్రం ఆ చెరువు గట్టున ఏముందో వాళ్లకు తెలియకుండానే. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లుంటాయి. వెలుగు సగానికి తగ్గిన ప్రతిసారీ, అంటే ఒక్కో స్టాప్ దిగినప్పుడల్లా, మెట్లూ సగమవుతాయి. అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాప్‌కే 8,192, తర్వాతిదానికి 4,096, అలా దిగుతూ పోగా చీకటి మూలలకు మిగిలేవి కొన్నే. మబ్బు అంచు నిండిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, నేలను తర్వాత లేపడం అందుకే. నిండిపోయిన గడిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు. చీకటి గడిలో ఎంతోకొంత ఉంటుంది, దాంతోపాటు నాయిస్ కూడా పైకి తేలుతుంది, అది భరించాల్సిన ఖర్చు. పైగా ఇంత తేడాను చివరికి కాగితం మీదికి దించాలి. మంచి ఫొటో కాగితం మీద కూడా తెలుపు, నలుపు కన్నా వంద రెట్లకు అటూఇటూగానే మెరుస్తుంది. ఎవరో ఒకరు సర్దక తప్పదు. మన కన్ను ఆ సర్దుబాటు క్షణక్షణమూ చేసుకుంటుంది, మబ్బు వైపు తిరిగితే ఒకలా, పొలం వైపు తిరిగితే ఒకలా. ఫొటో చూసేవాడికి ఆ వీలు లేదు.

ఈ సర్దుబాటును ఒక శాస్త్రంగా మలిచినవాడు అమెరికా ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్. ఫ్రెడ్ ఆర్చర్‌తో (కొలోడియన్ ఆర్చర్ కాదు, వేరే మనిషి) కలిసి 1940 ప్రాంతంలో, దృశ్యంలోని వెలుగునీడలను మెట్లుగా విడగొట్టి ఎక్స్‌పోజర్ నిర్ణయించే జోన్ పద్ధతిని రూపొందించాడు. న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊళ్లో తీసిన చంద్రోదయం ఫొటోకు మాత్రం వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చదరపు అడుగుకు 250 క్యాండిళ్లన్న చంద్రుడి వెలుగు గుర్తుండబట్టి, దాన్ని బట్టి లెక్కగట్టి తీశాడు. రెండోది తీసేలోపే శ్మశానంలోని శిలువల మీద ఎండ పోయింది. చంద్రుడు చెడకుండా తీశాడు కనుక కింది నేల నెగటివ్ మీద పలచగా పడింది. 1948లో ఆ భాగాన్ని మళ్లీ రసాయనంలో ముంచి గట్టిపరిచాడు. ఇవాళ రా ఫైల్‌లో షాడోస్ లేపడమన్నది ఇదే పని. తేడా ఏమిటంటే ఆయన ఉన్న ఒక్క నెగటివ్‌నే పణం పెట్టాడు, రా ఫైల్ మాత్రం ఎన్నిసార్లు దిద్దినా చెక్కుచెదరదు. ప్రింటు తీసేటప్పుడు నేలకు చెయ్యి అడ్డుపెట్టి, ఆకాశం మీద వెలుగు ఇంకాసేపు పడనిచ్చేవాడు.

ఇక్కడే అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వస్తుంది. వెలుగును అటూఇటూ చేయడం కూడా వస్తువును మాయం చేయగలదు. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో తుది దశల దాకా వచ్చినవాటిలో సుమారు ఐదో వంతు ఫొటోలను రా ఫైళ్లతో పోల్చి చూశాక తిరస్కరించారు. కొన్ని మూలలను వివరాలు కనిపించనంతగా నల్లగా చేసేయడం అందులో ఒక కారణం. ఆ నియమం పెడితే ఆడమ్స్ కూడా నెగ్గడు. ఆ చంద్రోదయం మొదటి ప్రింట్లలో ఆకాశంలో పలచటి మబ్బులు కనిపించేవి, తర్వాతివాటిలో అవి దాదాపు నల్లటి చీకట్లో కలిసిపోయాయి. ఆయనది వార్తా చిత్రం కాదన్న సమాధానం సరైనదే గానీ, దానితో సరిపెట్టుకోకూడదు. ఉన్నదాన్ని కనిపించేలా చేసే దిద్దుబాటుకూ, కనిపిస్తున్నదాన్ని కప్పేసే దిద్దుబాటుకూ తేడా ఉంది. రెండోదానికి జాగ్రత్త ఎక్కువ కావాలి. కొండ అంచు చుట్టూ వెలుగు వలయం వచ్చేదాకా లాగిన ఫొటోలదీ ఈ జాగ్రత్త లోపించిన కేసే. కానీ ఇవేవీ వేరే చోటి మబ్బును తెచ్చి అతికించడంతో సమానం కావు. 2020లో ఫొటోషాప్‌లో చేరిన ఆకాశం మార్చే పనిముట్టు లె గ్రే వారసత్వం. రా ఫైల్ దిద్దేవాడిది ఆడమ్స్ దారి.

ఆ దారిలో సాక్ష్యం మిగులుతుందనడానికి హెర్నాండెజ్ చంద్రుడే రుజువు. ఫొటో ఎప్పుడు తీశాడో ఆడమ్స్‌కే సరిగ్గా గుర్తులేదు, ఒక్కోచోట ఒక్కో సంవత్సరం చెప్పేవాడు. ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ ఎల్మోర్ ఫొటోలో చంద్రుడున్న చోటును బట్టి 1941 అక్టోబర్ 31 అని తేల్చాడు. కెమెరా పెట్టిన స్థలాన్ని మళ్లీ వెతికి పట్టుకున్న డెనిస్ డి చిక్కో 1991లో దాన్ని సవరించి, 1941 నవంబర్ 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని లెక్కగట్టాడు. ఆకాశం ఎంత నల్లబడినా చంద్రుడూ కొండలూ తీసినచోటే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క కుదిరింది.